ఊరి లైబ్రరీకి చందాలకన్నా ముందు సెస్సు అడగండి

లైబ్రరీలో ఫ్యాన్లు తిరగక, పోటీ పరీక్షల పిల్లలు వరండాలో కూర్చుని చదువుకుంటున్నారని వెంటనే చందాలకు బయల్దేరకండి. ముందు మీ ఇంటి పన్ను నోటీసు తీసి చూడండి, చాలా చోట్ల అందులో లైబ్రరీ సెస్సు విడిగా కనిపిస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద తెలుగు రాష్ట్రాల్లో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు వసూలు చేస్తారు, దాన్ని పంచాయతీ గానీ మున్సిపాలిటీ గానీ జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే మీరు ఇప్పటికే డబ్బు కట్టేశారు!

అందుకే మీ పంచాయతీకో, మున్సిపాలిటీకో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మూడేళ్లలో ఏ ఏడాది సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, బకాయి ఎంత? అంతే అడగండి, సాగదీయొద్దు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవే ప్రశ్నలు గ్రంథాలయ సంస్థనూ అడిగి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టండి, తేడా ఉంటే పాఠకుల సంతకాలతో కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వండి.

ఇక విరాళాలు. నగదు చేతికివ్వడం నాకు ససేమిరా ఇష్టం లేదు, లైబ్రేరియన్‌ని అడిగి కావాల్సిన కుర్చీలో, కొత్త సిలబస్ పుస్తకాలో కొనిచ్చి రిజిస్టర్‌లో ఎక్కించమనండి. నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు కౌన్సిలర్‌ని పిలిచి, బకాయి లెక్క అందరి ముందే చదవండి.