మందు ఒంట్లో ఏమవుతుంది? 5వ పాఠం: కోత ఎక్కడ పడుతుంది

పోయిన పాఠం చివర బీపీ మందు ఎనలాప్రిల్ అణువు బొమ్మ ఇచ్చి, దీన్ని ఏ కార్బాక్సిలెస్టరేజ్ (ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడే ఎస్టర్‌ని కోసే ఎంజైమ్, పొట్టిగా సి.ఇ.ఎస్) కోస్తుందో రాయమన్నాను. అమలాపురం నుంచి భీమవరం దాకా వచ్చిన జవాబుల్లో చాలావాటిలో ఒకటే మాట: "సి.ఇ.ఎస్-2, చిన్న పేగులో." కాదు. సూత్రం అందరికీ నోటికొచ్చు. ఆమ్లం వైపు పెద్దదై, ఆల్కహాల్ వైపు చిన్నదైతే సి.ఇ.ఎస్-1. తిరగబడితే సి.ఇ.ఎస్-2. మొదటిది ముఖ్యంగా కాలేయంలో, రెండోది ముఖ్యంగా చిన్న పేగులో. ఇంత తెలిసీ తప్పారంటే ఏది ఆమ్లం వైపో, ఏది ఆల్కహాల్ వైపో చూసుకోలేదన్నమాట. ముందు అది తేల్చుకుందాం.

బొమ్మలో రెండు గీతల ఆక్సిజన్ పట్టుకున్న కార్బన్‌ని వెతకండి. అదే కార్బన్‌కి ఒంటి గీతతో ఇంకో ఆక్సిజన్ ఉంటుంది. కోత పడేది ఆ కార్బన్‌కీ ఒంటి గీత ఆక్సిజన్‌కీ మధ్య. కార్బన్ వైపు మిగిలేది ఆమ్లం, ఆక్సిజన్ వెంట పోయేది ఆల్కహాల్. నేనైతే పెన్సిల్‌తో అడ్డగీత గీసి, ఆల్కహాల్ ముక్కని వేలితో మూసేస్తాను. ముక్క వేలి కింద పూర్తిగా దాగితే సి.ఇ.ఎస్-1 అనుకుని ముందుకెళ్తాను. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు రావు గానీ, పని జరుగుతుంది.

ఎనలాప్రిల్‌లో ఆల్కహాల్ వైపున్నది ఇథైల్, రెండే కార్బన్లు. మిగతాదంతా ఆమ్లం వైపే. కాబట్టి కాలేయంలో సి.ఇ.ఎస్-1 కోస్తే ఎనలాప్రిలాట్ వస్తుంది, బీపీ తగ్గించేది అది. మీలో కొందరు ప్రోలిన్ అనే ముక్క మీద విడిగా ఉన్న ఆమ్ల గుంపు కార్బాక్సిల్‌ని చూసి తికమకపడ్డారు. అది ఎస్టర్ కాదు, దాని జోలికి వెళ్లకండి. ఇంకో బీపీ మందు రామిప్రిల్, ఫ్లూ మందు ఒసెల్టామివిర్ కూడా ఇదే దారి.

ఆస్పిరిన్, అంటే ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లం, దీనికి తిరగబడినది. పేరులోనే ఆమ్లం ఉందని సాలిసిలిక్ ముక్కని ఆమ్లం వైపు వేసేయకండి. ఈ ఎస్టర్‌లో ఆమ్లం వైపున్నది బుల్లి ఎసిటైల్, సాలిసిలిక్ ముక్కదే ఆల్కహాల్ స్థానం. అందుకే సి.ఇ.ఎస్-2. కేన్సర్ మందు ఇరినోటెకాన్‌ని కోసి, పనిచేసే రూపమైన ఎస్.ఎన్-38గా మార్చడంలోనూ పెద్ద చెయ్యి దీనిదే.

ఈ ఎంజైమ్‌లోని సెరీన్, హిస్టిడిన్, గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాలు కలిసి ఎస్టర్‌ని ఎలా విడగొడతాయో మళ్లీ చెప్పను. రెండో పాఠం చూడండి.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. జవాబు రాసిన ప్రతివారూ చివర ఒక వాక్యం తగిలించారు: "కాబట్టి మందు చైతన్యం పొందును." ఎవరు చెప్పారండీ మీకు? ఎంజైమ్‌కి ఎస్టర్ కనిపిస్తే కోస్తుంది, అంతే. వచ్చిన ముక్క పనికొస్తుందా రాదా అన్నది దానికి పట్టదు. క్లోపిడోగ్రెల్ చూడండి. గుండెకి స్టెంట్ వేయించుకున్నవాళ్లలో చాలామంది మింగే మాత్ర. అందులో మిథైల్ ఎస్టర్ ఉంది. ఆల్కహాల్ వైపు ఒక్క కార్బన్, అంటే సి.ఇ.ఎస్-1. అది కోశాక వచ్చే ఆమ్లం రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లని ఏమీ చెయ్యలేదు. మింగిన మోతాదులో సుమారు 85 శాతం ఇలాగే వృథా అవుతుంది. మిగిలిన కొంచెమే సి.వై.పి-2సి19 వంటి ఎంజైమ్‌ల చేతుల మీదుగా అసలు మందవుతుంది. ఎనలాప్రిల్‌ని పనిలోకి దింపిన చెయ్యే ఇక్కడ మందుని పాడుచేస్తోంది.

ఇంకా నమ్మకం కలగకపోతే జి143ఇ అనే జన్యుమార్పు చూడండి. సి.ఇ.ఎస్-1లో 143వ స్థానంలో గ్లైసిన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం వస్తుంది, ఎంజైమ్ చచ్చుబడుతుంది. ఏకాగ్రత లోపానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మీద జరిపిన పరిశోధనలో 2008లో బయటపడింది. ఈ మార్పు ఉన్నవాళ్లలో ఎనలాప్రిలాట్ తక్కువగా తయారవుతుంది, క్లోపిడోగ్రెల్ అసలు మందు మాత్రం ఎక్కువగా తయారవుతుంది. లోపం ఒకటే, ఫలితాలు రెండు. "చైతన్యం పొందును" అని రాసే ముందు వచ్చిన ముక్క ఏం చేస్తుందో చూడండి.

రాజోలు తమ్ముడొకడు మంచి ప్రశ్న వేశాడు: "మాస్టారూ, డాబిగాట్రాన్ ఎటెక్సిలేట్‌కి మీ సూత్రం పనిచెయ్యట్లేదు." నిజమే. రక్తం గడ్డకట్టకుండా వాడే ఈ మందు కాలవ పడవలా రెండు లాకులు దాటాలి. పేగులో సి.ఇ.ఎస్-2 హెక్సిల్ కార్బమేట్‌ని తీస్తుంది, కాలేయంలో సి.ఇ.ఎస్-1 ఇథైల్‌ని తీస్తుంది. రెండోది సూత్రం ప్రకారమే. మొదటిదాంట్లో హెక్సిల్ చిన్న ముక్క కదా, సి.ఇ.ఎస్-2 ఎందుకు? అది మామూలు ఎస్టర్ కాదు, కార్బమేట్, పక్కన నైట్రోజన్ ఉంది. మన సూత్రం ఎంజైమ్ మొగ్గుని చెబుతుంది గానీ శాసనం కాదు. అసలు నడక కొలిచి చూడాల్సిందే.

కొలవడానికి ఎలుకని తెచ్చుకునేవాళ్లకి ఒక్క మాట. ఎలుక ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) కార్బాక్సిలెస్టరేజ్ దండిగా ఉంటుంది, మనిషి ప్లాస్మాలో ఉండదు. ఎలుక రక్తంలో మాయమైన ఎస్టర్ మనిషి రక్తంలో హాయిగా తిరుగుతుండొచ్చు.

మన వరి చేల సంగతి కూడా ఇందులోనే ఉంది. పురుగుమందు మలాథియాన్‌లో రెండు ఇథైల్ ఎస్టర్లున్నాయి. మన కార్బాక్సిలెస్టరేజ్‌లు వాటిని కోసి పెద్దగా హాని లేని ఆమ్లంగా మార్చేస్తాయి. పురుగులో ఆ శక్తి తక్కువ, అందుకే అది చస్తుంది. కానీ డబ్బా వేడిలో ఉంటే లోపల ఐసోమలాథియాన్ పుడుతుంది. అది మన ఎంజైమ్‌నే కట్టేస్తుంది. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా దోమల కోసం ఇలాంటి సరుకు చల్లిన కూలీలు పెద్ద సంఖ్యలో విషం బారిన పడ్డారు, కొందరు చనిపోయారు. రేకుల షెడ్డులో ఎండకి మగ్గిన పాత డబ్బా మీ ఇంట్లో ఉంటే చేలోకి తీసుకెళ్లొద్దు.

అభ్యాసం. కొకెయిన్ అణువులో రెండు ఎస్టర్లున్నాయి. రెండిటికీ అడ్డగీతలు గీయండి. ఏది ఏ సి.ఇ.ఎస్ వాటాయో, ఒక్కో కోతకి ఏ రెండు ముక్కలు వస్తాయో రాయండి. తర్వాత, ఆ మనిషి సారా కూడా తాగి ఉంటే, నీరు రావలసిన చోటికి ఇథనాల్ వస్తే, సి.ఇ.ఎస్-1 ఏ కొత్త పదార్థాన్ని తయారుచేస్తుందో గీయండి. అడ్డగీత లేకుండా పేర్లు మాత్రమే రాసిన జవాబులు ఈసారి చూడను.