వెడీలియా గట్టు దాటకుండా పెంచడం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

పసుపు పూలతో నేలంతా పరుచుకునే వెడీలియాను చూసి ముచ్చటపడని వాళ్లు తక్కువ. రోడ్ల మధ్య డివైడర్ల మీద, ఆఫీసుల ముంగిళ్లలో, అపార్ట్‌మెంట్ల ప్రహరీ వెంబడి ఏడాది పొడవునా పూస్తూనే ఉంటుంది. ఎండకు ఓర్చుకుంటుంది, పట్టించుకోకపోయినా బతుకుతుంది, చిన్న కొమ్మ గుచ్చితే చాలు చాపలా అల్లుకుంటుంది. దీనితో వచ్చే చిక్కులన్నీ ఈ చివరి గుణం నుంచే పుడతాయి.

మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు దీని పుట్టిల్లు. తోటల అందం కోసం దేశదేశాలకూ తీసుకెళ్లారు. వెళ్లిన చోటల్లా తోట దాటి కాలువ గట్లు, చిత్తడి నేలలు, పొలం అంచులు ఆక్రమించింది. ప్రపంచంలో అతి చెడ్డ వంద దురాక్రమణ జాతులంటూ అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించిన జాబితాలో గుర్రపుడెక్క, లాంటానా, సుబాబుల్‌తో పాటు దీని పేరు కూడా ఉంది. గుర్రపుడెక్క మన చెరువులను ఏం చేసిందో చూసినవాళ్లకు ఆ జాబితా బరువు వేరే చెప్పనక్కరలేదు.

అయినా దీన్ని ఇంట్లో పెంచవచ్చు. ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ఈ మొక్క తనంతట తాను పాకే దూరం కొన్ని అడుగులే. ఊరు దాటించేది మనం, మనం కత్తిరించి పారేసే కొమ్మలు. కాబట్టి ఆ కొమ్మల సంగతితోనే మొదలుపెడతాను.

నాటని చోట మొలుస్తోంది

గడ్డిలో, తులసికోట మొదట్లో, గేటు బయట మురుగు కాలువ పక్కన, ఎక్కడా నాటకపోయినా వెడీలియా మొక్కలు కనిపిస్తాయి. గాలికి విత్తనాలు ఎగిరాయని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అది కాదు. ఈ మొక్క ప్రధానంగా వ్యాపించేది కాండం ముక్కలతోనే. కాండాన్ని చేత్తో పట్టుకుని చూడండి. ఆకులు ఎదురెదురుగా పుట్టే చోట ఉబ్బెత్తుగా కణుపు ఉంటుంది. నేలను తాకుతున్న కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు అప్పటికే బయటికి వచ్చి ఉంటాయి. ఒక్క కణుపు ఉన్న వేలెడంత ముక్క తడి మట్టిమీద పడితే కొత్త మొక్క వచ్చినట్టే. గడ్డి కోసే యంత్రం, చీపురు, పార, వాన నీటి ప్రవాహం, అన్నీ ఆ ముక్కలను మోస్తాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఒక వర్షాకాలం తెంపిన కొమ్మలను రెండు గంపలు వీధి చివర ఖాళీ స్థలంలో పోశాను. ఎండిపోతాయిలే అనుకున్నాను. మరుసటి ఏడాదికి ఆ స్థలంలో తుమ్మి, ఉత్తరేణి, పల్లేరు మొలిచే చోటంతా ఒకటే పచ్చటి దుప్పటి. అక్కడి నుంచి పంట కాలువ గట్టు ముప్పై అడుగులు. ఆ దుప్పటిని చుట్టి తీయడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఆ తర్వాత ఆరు నెలలు వెళ్లి చూసుకుంటూ ఉండవలసి వచ్చింది. ఆ తప్పు ఇంకొకరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

కత్తిరించే ముందే కింద పాత టార్పాలిన్ గానీ గోనెపట్టా గానీ పరవండి. పడినవన్నీ దానిమీదే పడాలి. పని అయ్యాక చుట్టుపక్కల ఒకసారి చేత్తో ఏరండి. ఏరిన కొమ్మలను మట్టికి తగలకుండా డాబా మీదో సిమెంటు గచ్చు మీదో పలచగా ఆరబెట్టండి. ఆకులు వాడగానే చచ్చిపోయిందనుకోవద్దు, కాండంలో తేమ చాలా రోజులు నిలుస్తుంది. విరిస్తే ‘పుటుక్కు’మనేంత ఎండాలి. వేసవిలో ఇది రెండు మూడు వారాల పని. వర్షాకాలంలో గచ్చు మీద ఆరదు కాబట్టి నల్లటి ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి బిగించి, ఎండ తగిలే చోట నెల రెండు నెలలు ఉంచితే లోపలే కుళ్లిపోతుంది.

కంపోస్టు వేసిన కుండీలన్నిటిలో ఇదే

పచ్చి కొమ్మలు కంపోస్టు గుంతలో వేశారన్నమాట. పెరటి గుంతలో వేడి గుట్ట నడిమధ్యన పుడుతుంది, అంచుల్లో పుట్టదు. అంచున పడిన కణుపు చల్లగా, తడిగా, ఎరువు తింటూ పెరుగుతుంది. పైన చెప్పినట్టు పూర్తిగా ఎండినవో కుళ్లినవో మాత్రమే గుంతలో వేయండి. ఇప్పటికే కలిసిపోయి ఉంటే ఆ ఎరువును జల్లెడ పట్టి, కాండం ముక్కలు ఏరి, కుండీల్లో వచ్చిన పిలకలను రెండాకుల దశలోనే తీసేయండి.

పీకేస్తే పదిహేను రోజుల్లో మళ్లీ వస్తోంది

ఎక్కువమంది విసిగిపోయేది ఇక్కడే. పొడి నేలలో కొమ్మ పట్టుకుని లాగితే కాండం కణుపు దగ్గర తెగుతుంది. వేరు, దానితో పాటు కణుపు మట్టిలోనే ఉండిపోతాయి. పారతో తవ్వితే ఇంకా నష్టం, ఒక్క తీగ ఇరవై ముక్కలై మట్టిలో కలుస్తుంది. రోటవేటర్ తిప్పితే విత్తినట్టే.

ముందురోజు సాయంత్రం నేలను బాగా తడపండి. పొద్దున్నే ఒక అంచున మొదలుపెట్టి, నాలుగు కోరల ఇనుప ఫోర్కును కింద దూర్చి పైకి లేపుతూ, తివాచీ చుట్టినట్టు చుట్టుకుంటూ రండి. వేళ్లు ఎక్కువ లోతుకు పోవు కాబట్టి తడి మట్టిలో సులువుగా లేస్తుంది. ఆ తర్వాత మట్టిని వేళ్లతో కెలికి మిగిలిన ముక్కలు ఏరాలి. మొదటి మూడు నెలలు పది పదిహేను రోజులకొకసారి, ఆ తర్వాత నెలకొకసారి చూస్తూ ఉండాలి. ఒక్కసారి పీకి ఊరుకుంటే పీకనట్టే.

విస్తీర్ణం పెద్దదైతే వేసవి మీకు సాయం చేస్తుంది. ఏప్రిల్ చివర్లో తీగలన్నీ కోసి తీసేసి, నేలను తడిపి, పలచటి పారదర్శక ప్లాస్టిక్ పట్టాను నేలకు అంటుకునేలా పరిచి, అంచులు మట్టితో కప్పేయండి. రోహిణి కార్తె ముగిసేదాకా కదపకండి. ఆరు వారాల ఎండకు పట్టా కింద నేల ఉడికి, మిగిలిన కణుపులు, ఇతర కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. ఇది రోజంతా ఎండ పడే చోటే పనిచేస్తుంది. చెట్టు నీడ ఉంటే పారదర్శక పట్టా కింద మొక్క హాయిగా పెరుగుతుంది. అలాంటి చోట నల్ల పట్టా వేసి, వెలుతురు సోకకుండా రెండు మూడు నెలలు ఉంచండి.

కలుపు మందు గురించి అడుగుతారు. దట్టమైన చాప మీద పిచికారీ చేస్తే పై ఆకులు మాడతాయి, కింది కణుపులన్నిటికీ మందు సరిగా అందదు. పైగా గ్లైఫోసేట్ అనే కలుపు మందును ఎవరు పడితే వారు చల్లకూడదని, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టింది. పిల్లలు తిరిగే పెరట్లో, కూరగాయల మడి పక్కన దాని అవసరం లేదు. ఉప్పు పోస్తే చస్తుందని చెప్పేవాళ్ల మాట అసలు వినకండి. మొక్కకన్నా ముందు మట్టి చెడుతుంది.

పక్క మొక్కలు దిగాలుగా ఉన్నాయి

బంతి నారు ఎదగదు, కనకాంబరం నానాటికీ సన్నగిల్లుతుంది, చల్లిన విత్తనాలు మొలవవు. వెడీలియా నీడకు నేల దాకా వెలుతురు చేరదు, పై పొరలోని నీళ్లు దాని వేళ్లే తాగేస్తాయి. అంతటితో ఆగదు, ఇతర మొక్కల మొలకను, ఎదుగుదలను అణచే రసాయనాలు దీని ఆకుల్లో, వేళ్లలో ఉన్నాయని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి పూల మడికి, దీనికి మధ్య కనీసం మూరెడు ఖాళీ నేల వదలండి. మామిడి, నిమ్మ, జామ చెట్ల పాదుల్లోకి రానివ్వకండి. ఎండిన ఆకులను ఆ పాదుల్లో మల్చింగ్‌గా కూడా పరవకండి.

గట్టు కట్టినా దాటుతోంది

ఇది తుంగలాగా భూమి లోపలి నుంచి రాదు, పైనుంచి దాటుతుంది. అందువల్ల లోతుగా పాతిన రేకు కన్నా, గట్టు బయట ఖాళీగా ఉంచిన మూరెడు మేర ఎక్కువ పనిచేస్తుంది. ఆ మేర సిమెంటు గానీ బండలు గానీ అయితే మరీ మంచిది. దాటిన తీగ వేరు పట్టకముందే కంటికి కనిపిస్తుంది. వర్షాకాలంలో రెండు వారాలకొకసారి, మిగతా రోజుల్లో నెలకొకసారి అంచు కత్తిరిస్తే చాలు.

అన్నిటికన్నా నిశ్చింత కుండీలో పెంచడం. ఎత్తైన కుండీ నుంచో వేలాడే బుట్ట నుంచో పసుపు పూలు జారుతుంటే నేలమీద కన్నా అందంగా ఉంటుందని నా అభిప్రాయం. రెండు జాగ్రత్తలు తీసుకోండి. జారే కొమ్మ నేలకు జానెడు పైనే ఆగాలి. కుండీని మట్టిమీద నేరుగా పెట్టకూడదు, అడుగు రంధ్రం లోంచి వేళ్లు దిగిపోతాయి. కింద పళ్లెమో ఇటుకలో పెట్టండి.

ఆకులే తప్ప పూలు లేవు

నీడ ఎక్కువైనా, యూరియా, పశువుల ఎరువు ఎక్కువైనా ఇలాగే అవుతుంది. దీనికి ఎరువు అక్కరలేదు, పెడితే అదుపు తప్పడానికి మనమే సాయం చేసినట్టు. ఎండ పడే చోటికి మార్చి, నీళ్లు తగ్గించండి. నడుమ పుల్లలు తేలి, అంచుల్లోనే పచ్చగా ఉంటే మొక్క ముదిరిందని అర్థం. వానలు తగ్గాక జానెడు ఎత్తుకు కత్తిరిస్తే కొత్త చిగుళ్లు వేస్తుంది. ముదిరిన చాప కింద ఎలుకలు, నత్తలు, ఒక్కోసారి పాములు చేరతాయి కాబట్టి చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించడం మరవకండి.

గుంటగలగర అనుకుని తెంపుతున్నారు

రెండూ ఒకే కుటుంబం, కనుక తికమక సహజం. జుట్టు నూనెకు వాడే గుంటగలగరకు చిన్న తెల్లటి పూలు ఉంటాయి, ఆకు సన్నగా కోలగా ఉంటుంది. వెడీలియా పూలు పెద్దవి, పసుపు, ఆకులు నిగనిగలాడుతూ తరచుగా మూడు తమ్మెలుగా చీలి ఉంటాయి. శాస్త్రీయ నామంలోని ‘ట్రైలోబేటా’ చెప్పేది అదే. దీన్ని నూనెకూ, కూరకూ, మేకల మేతకూ వాడకండి.

పక్కింటివాళ్లు కొమ్మ అడుగుతున్నారు

మొక్క అడిగితే లేదనడం మన ఇళ్లలో అలవాటు లేదు. అయినా ఇక్కడ కాస్త ఆలోచించండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో సింగపూర్ డైసీ పేరుతో పిలిచే ఈ మొక్కను అమ్మడమే కాదు, ఊరికే ఇవ్వడం కూడా చట్టవిరుద్ధం. బ్రిస్బేన్ వైపు ఉంటున్న మనవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఇక్కడ మనకు అలాంటి నిషేధం అడ్డురాకపోయినా, ఇల్లు చెరువు పక్కనో, పంట కాలువ వెంబడో, వరద నీరు పారే చోటో ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వకండి. మీ ఇల్లే అలాంటి చోట ఉంటే కుండీలో కూడా వద్దు, తీసేయడమే మేలు.

తీసేసిన చోటు బోసిగా ఉందనుకుంటే, మూడు నెలల కాపలా ముగిశాక, తేమ నేలలో సరస్వతి ఆకు గానీ పొన్నగంటి గానీ, ఎండ నేలలో విష్ణుక్రాంత గానీ వేయండి. మొదటి రెండూ కణుపుల దగ్గర వేళ్లు పెడుతూ పాకేవే, కాకపోతే అవి ఎప్పటినుంచో ఈ నేలలో ఉన్నవే. కోసిన కొమ్మలను ఎక్కడ పారేయాలన్న బెంగ ఉండదు, పప్పులోకో పచ్చడిలోకో వెళతాయి.