కాంట్రాస్ట్ మందుకు ముందు దాచకూడని మాట

మొన్న మా సి.టి. స్కాన్ గదిలో ఒక పెద్దావిడ, కాంట్రాస్ట్ మందు (స్కాన్‌లో లోపలి భాగాలు స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఎక్కించేది) ఎక్కిన నాలుగైదు నిమిషాలకే మెడ గోక్కోవడం మొదలుపెట్టారు. చూస్తుండగానే దద్దుర్లు ఛాతీకి పాకాయి, గొంతు బొంగురుపోయింది. తీవ్రమైన అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ మందును తొడ కండరంలోకి ఇచ్చాక ఊపిరి కుదుటపడింది. అప్పుడు ఆమె కుమారుడు, "పోయినసారి స్కాన్‌కూ కొంచెం దురద వచ్చిందండీ, తగ్గిపోయిందిగా అని చెప్పలేదు" అన్నారు. ఫారంలో 'ఇంతకుముందు ఈ మందుకు ఏమైనా రియాక్షన్ వచ్చిందా' అన్న ప్రశ్నకు ఎదురుగా 'లేదు' అని ఉంది.

నేను పదే పదే చూస్తున్న పొరపాటు ఇదే. మందు ఎక్కేటప్పుడు ఒళ్లు వెచ్చబడటం, నోట్లో లోహపు రుచి, కాసేపు వికారం అలర్జీ కావు. దద్దుర్లు, కళ్ల వాపు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం మాత్రం అలర్జీ తరహావి. ఒకసారి ఇవి వచ్చినవారికి అదే తరగతి మందుతో మళ్లీ వచ్చే అవకాశం సుమారు 5 రెట్లు ఎక్కువ. రొయ్యలు పడనివారికి ఈ మందూ పడదని కొందరు అనుకుంటారు, కానీ దాన్ని ఈ లెక్కలో ప్రత్యేకంగా చేర్చనక్కరలేదు. 'అయోడిన్ అలర్జీ' అని రాయడమూ చాలదు, సి.టి.లో వాడే అయోడిన్ మందు వేరు, ఎం.ఆర్.ఐ.లో వాడే గాడోలినియం వేరు కాబట్టి, ఏ స్కాన్‌లో, ఏ మందుకు, ఏం జరిగిందో చెప్పాలి.

ముందే తెలిస్తే వైద్యులు మందు మార్చగలరు, వేరే పరీక్ష ఎంచుకోగలరు, లేదా స్కాన్‌కు 13, 7, 1 గంటల ముందు స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వగలరు. బల్ల మీద పడుకున్నాక గుర్తుచేసుకుంటే ఆ 13 గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? మాత్రలు వేసుకున్నా రియాక్షన్ రాదన్న హామీ లేదు, కనుక అప్పుడూ చెప్పవలసిందే.

కిడ్నీ జబ్బు ఉంటే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష) రిపోర్టు తీసుకెళ్లండి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకునేవారు ఆ సంగతి చెప్పండి, సొంతంగా మానేయకండి. ఆస్తమా ఉంటే చెప్పండి. బీపీకి బీటా బ్లాకర్ వాడుతుంటే తప్పక చెప్పండి, ఎందుకంటే అవసరమైనప్పుడు అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. సూది దగ్గర మంటగానీ వాపుగానీ ఉంటే ఓర్చుకోకండి, అరవండి. స్కాన్ అవగానే లేచి వెళ్లకండి: తీవ్రమైన రియాక్షన్లు ఎక్కువగా మొదటి 20 నిమిషాల్లోనే వస్తాయి, అరగంట కూర్చోండి. కాన్యులా (నరంలో పెట్టిన సన్నని గొట్టం) అప్పుడే తీసేయమని తొందరపెట్టకండి. వారం లోపు ఒంటి మీద దద్దుర్లు లేస్తే ఫోన్ చేయండి. చిన్న దురదైనా సరే, మందు పేరు కాగితం మీద రాయించుకుని, వచ్చేసారి ఎవరూ అడగకముందే ఆ కాగితం చూపించండి.