డిస్కౌంట్ లెక్కలు బీజగణితంతో చేయడం ఎలా?

కాగితం, పెన్ను చాలు. క్యాలిక్యులేటర్ ఉంటే ఉండనివ్వండి, సమీకరణం రాసేదాకా మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.

ముందుగా లెక్కలో తెలియనిది ఏదో చూసి దానికి x అని పేరు పెట్టండి. మనసులో అనుకుంటే సరిపోదు, "x = అసలు ధర" అని కాగితం మీద రాయాలి. తర్వాత శాతాన్ని దశాంశంలోకి మార్చండి. 20 శాతం అంటే 0.20. భిన్నాలతో చేసేవాళ్లూ ఉన్నారు గానీ, మీరు దశాంశాలతోనే చేయండి. వరుసగా రెండు మూడు తగ్గింపులు వచ్చినప్పుడు భిన్నాలతో అంతా గజిబిజి అవుతుంది.

అసలు ధర తెలిసి, కట్టాల్సింది కనుక్కోవడం తేలిక. 850 మీద 20 శాతం తగ్గితే మిగిలేది 80 శాతం. 850 × 0.80 = 680. అయిపోయింది.

తిరగేసి అడిగినప్పుడే అందరూ పొరబడతారు. "20 శాతం తగ్గించాక 680 కట్టాం. అసలు ధర ఎంత?" వెంటనే 680కి 20 శాతం కలిపేసి 816 అంటారు. ఇది తప్పు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఇదే చేస్తారు.

ఇక్కడ ఆగి, ఆ 20 శాతం దేనిలో అని అడగండి. తగ్గించింది అసలు ధరలో, మిగిలిన 680లో కాదు. పెద్ద మొత్తంలోంచి 20 శాతం తీసేసి, చిన్న మొత్తంలో 20 శాతం తిరిగి కలిపితే మొదటికి ఎలా వస్తాం? అందుకే సమీకరణం ఇలా రాయాలి:

x − 0.20x = 680

0.20 పక్కన ఆ x తప్పనిసరి. కొందరు x − 0.20 = 680 అని రాసి ఊరుకుంటారు. అప్పుడు తగ్గింది 20 శాతం కాదు, ఉత్త 0.20 మాత్రమే. ఇంతకుముందు అడిగిన "దేనిలో" అన్న ప్రశ్నకు ఆ x యే జవాబు.

ఎడమవైపు రెండూ కలిస్తే 0.80x = 680. ఇప్పుడు 0.80తో భాగించండి, x = 850. 0.80తో గుణించడం వల్ల తగ్గింది కాబట్టి 0.80తో భాగిస్తేనే వెనక్కి వస్తాం. 1.20తో గుణిస్తే మళ్లీ ఆ 816 దగ్గరే తేలతారు. సరిచూడకుండా జవాబు కింద గీత గీయకండి: 850లో 20 శాతం 170, తీసేస్తే 680. అదే 816లో 20 శాతం తీసేస్తే 652.80 వస్తుంది.

అసలు ధరకు ఒక సూత్రం, శాతానికి ఇంకో సూత్రం అని బట్టీ పట్టేవాళ్లు ప్రశ్న కాస్త మారగానే ఏది వాడాలో తెలియక టెన్షన్ పడతారు. నిజానికి ఉన్నది ఒక్కటే: అసలు ధర × (1 − తగ్గింపు) = కట్టినది. ఈ మూడింట్లో ఏది తెలియకపోతే అదే x. 1250 ధర 1050కి తగ్గితే 1250(1 − x) = 1050, అంటే 1 − x = 0.84, తగ్గింపు 16 శాతం. తగ్గిన 200ను 1050తో భాగించి 19 శాతం అనేవాళ్లు చేసేదీ పాత తప్పే.

వరుస తగ్గింపులను కూడకండి. 20 శాతం తీశాక మరో 10 శాతం తీస్తే 0.80 × 0.90 = 0.72, అంటే మొత్తం తగ్గింపు 28 శాతం, 30 కాదు. చివరికి 1080 కట్టారంటే 0.72x = 1080, x = 1500. ముందు 10, తర్వాత 20 తీసినా జవాబు ఇదే.

శాతంతో పాటు 100 లాంటి స్థిరమైన మొత్తం కూడా తగ్గిస్తే మాత్రం వరుస చూసుకోవాలి. 0.80x − 100 వేరు, 0.80(x − 100) వేరు. రెండోదాన్ని విప్పితే 0.80x − 80 అవుతుంది, అంటే 20 ఎక్కువ కట్టాలి. బ్రాకెట్ ఎక్కడ పెట్టాలో లెక్కను ఇంకోసారి చదివాకే తేల్చుకోండి.