అలవాటైన బాధలోంచి బయటపడటం ఎలా

బాధ నుంచి బయటపడాలనుకునేవారు ముందుగా చేయవలసిన పని, అందులో జరిగిన నష్టం ఎంత, ఆ నష్టం చుట్టూ మనసు రోజూ తిప్పుతున్న ఆలోచన ఎంత అని విడదీసి చూసుకోవడం. తోతాపురి మామిడి ధర పడిపోయి కోత కూలీ కూడా గిట్టని ఏడాది చిత్తూరు రైతుకు కలిగే దుఃఖం భ్రమ కాదు. దానికి కావలసింది గిట్టుబాటు ధర, అప్పు తీర్చడానికి గడువు. అయితే ఆ రైతే పడుకున్న తరువాత “నేనేం చేసినా ఇంతే, మా నాన్న కాలం నుంచీ ఇంతే” అనుకుంటూ తెల్లవారేదాకా దొర్లడం వేరే సంగతి. బుద్ధుడు వీటిని రెండు బాణాలన్నాడు. మొదటిది బయటి నుంచి తగిలేది, రెండవది దానిని తలచుకుని మనసు తనకు తానే గుచ్చుకునేది. ఇక్కడ చెప్పబోయేది ఆ రెండవ దానిని ఎలా పట్టుకోవాలో, ఎలా వదలాలో మాత్రమే.

పట్టుకోవడానికి ఒక చిన్న నోటుపుస్తకం చాలు. మనసు కుంగిన ప్రతిసారీ మూడు విషయాలు రాయండి: ఏం జరిగింది, ఆ క్షణంలో మనసు చెప్పుకున్న మాట ఏమిటి, ఆ తరువాత మీరు ఏం చేశారు. కారణాల జోలికి పోవద్దు, తప్పొప్పులు తేల్చవద్దు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చెప్పినదీ ఇదే: మనసును నిందించకుండా, సమర్థించకుండా, ఉన్నది ఉన్నట్టుగా గమనించమని. కాగితం సాయం లేకుండా అలా గమనించగలవారు తక్కువ కాబట్టి రాయడమే మేలని నా నమ్మకం. రెండు వారాలు రాస్తే సంఘటనలు వేరైనా మనసు చెప్పుకునే మాటలు మాత్రం ఒకటో రెండో అని తెలిసివస్తుంది.

ఆ మాట కనిపించగానే దానిని తరిమేయాలని చూడకండి. అది మీకు ఏం చేసిపెడుతోందని అడగండి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే, ఎక్కువ సమయం ఇవ్వవలసిందీ దీనికే. తిరుపతిలో గది అద్దెకు తీసుకుని డీఎస్సీకి చదువుతున్న ఒక యువకుడిని ఊహించుకోండి. శ్రీకాళహస్తిలో మేనమామ కూతురి పెళ్లికి పిలుపు వచ్చింది. వెళితే బంధువులు “ఉద్యోగం వచ్చిందా నాయనా?” అని అడుగుతారన్న భయంతో చదువు వంక పెట్టి మానేశాడు. ఫోను పెట్టేసిన మరుక్షణం గుండె తేలికపడింది. చిక్కంతా ఆ తేలికదనంలోనే ఉంది. తప్పించుకుంటే ఉపశమనం దొరుకుతుందని మనసు నేర్చుకుంది కనుక తరువాతి పిలుపును తప్పించుకోవడం ఇంకా సులభమవుతుంది. పెళ్లికి వెళ్లి ఉంటే ఎవరేమనేవారో తెలిసే అవకాశమే లేకపోవడంతో “అందరూ నన్ను చిన్నచూపు చూస్తారు” అన్న మాట పరీక్షకు నిలబడకుండానే నిజమై కూర్చుంటుంది. దుఃఖం పెరుగుతున్నా ఆ దారి విడవకపోవడానికి కారణం బలహీనత కాదు. ప్రతిసారీ చేతికందే ఆ చిన్న ప్రతిఫలమే.

మరికొన్ని ప్రతిఫలాలు ఇంకా లోతుగా ఉంటాయి. “నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు” అని ఒంటిచేత్తో అన్నీ మోసే ఇల్లాలికి ఆ అలసటే ఇంట్లో గౌరవం తెచ్చిపెట్టి ఉండవచ్చు. బరువు దించితే తానెవరో తనకే తెలియకుండా పోతుందన్న భయం ఆమె నోటితో ఎప్పుడూ చెప్పదు. “నా తలరాత ఇంతే” అనేవారికి ఆ మాట మళ్లీ ఆశపడి మళ్లీ భంగపడే అవస్థను తప్పిస్తుంది. మీ మాట మిమ్మల్ని దేని నుంచి కాపాడుతోందో తెలిస్తే దాని మీద కోపం తగ్గుతుంది, పట్టు సడలడం అక్కడే మొదలవుతుంది.

అప్పుడు ఒకే ఒక చిన్న పని మార్చండి. “ఇకపై ధైర్యంగా ఉంటాను” అనుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తారో ముందే నిర్ణయించుకోవాలి. ఆ యువకుడైతే తరువాతి శుభకార్యానికి వెళ్లి అరగంట కూర్చోవాలి, ఎవరైనా అడిగితే “చదువుతున్నా మామా, ఫలితం రాగానే చెబుతా” అనాలి, ఇంటికి వచ్చాక భయపడినదేమిటో, జరిగినదేమిటో పక్కపక్కన రాసుకోవాలి. ఆ ఇల్లాలు వారంలో ఒక పూట వంట మరొకరికి అప్పగించి, అది ఎలా కుదిరినా వంక పెట్టకుండా తినాలి.

ఎన్నాళ్లు పడుతుందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. రోజూ చేసే చిన్న చిన్న అలవాట్ల మీద లండన్‌లో చేసిన ఒక పరిశోధనలో అవి కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టినట్టు తేలింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదనీ అదే పరిశోధన చెప్పింది. మండల దీక్షలు పట్టే మనకు ఇన్ని రోజులు నిలబడటం కొత్త కాదు. కాకపోతే దీక్షలో ఒక రోజు తప్పితే అంతా పోయిందన్న భావన ఇక్కడ పనికిరాదు, మరునాడు మళ్లీ మొదలుపెట్టడమే.

తొలి వారాల్లో ఉపశమనానికి బదులు అశాంతి పెరగవచ్చు. పాత మాట లేని చోట వెలితి కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు కూడా “నువ్వు మారిపోయావు” అని పాత మనిషినే కోరుకుంటారు. ఆ అశాంతిని తప్పు చేస్తున్నామనడానికి గుర్తుగా తీసుకోకండి. ఆ సమయంలో నడక మంచి సాయం. అలిపిరి మెట్లు ఎక్కేవారు గాలిగోపురం దాకా ఏం మాట్లాడకుండా అడుగుల మీదా ఊపిరి మీదా దృష్టి పెడితే, ఆలోచన ఎప్పుడు లాక్కుపోయిందో, ఎప్పుడు తిరిగి వచ్చామో స్పష్టంగా తెలుస్తుంది. స్వామికి మొక్కుకోవడం తప్పు కాదు. కొండ దిగిన సాయంత్రమే పాత మాట మళ్లీ వస్తే మొక్కు ఫలించలేదని మాత్రం అనుకోవద్దు.

నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా చెదిరిపోయినా, పనుల మీద ఆసక్తి పూర్తిగా పోయినా నోటుపుస్తకంతో సరిపెట్టుకోకుండా మానసిక వైద్యుణ్ణి కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, ఒక్క రోజు కూడా ఆగకూడదు. తిరుపతిలో రుయా ఆసుపత్రికి వెళ్లవచ్చు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అలాంటి స్థితిలో ఉన్నవారిని ఇంట్లోవాళ్లు ఒంటరిగా వదలకుండా, ఆసుపత్రికి తామే వెంట తీసుకువెళ్లాలి.