కార్బన్ డోపింగ్ చేసిన టైటానియం డయాక్సైడ్ పూతలు: సమస్య - కారణం - పరిష్కారం

టైటానియం డయాక్సైడ్ పూత కాంతిని పీల్చుకుని, తనను తాకిన సేంద్రియ పదార్థాలను విచ్ఛిన్నం చేసే చర్య జరుపుతుంది; మామూలు వెలుతురులోనూ అది పని చేసేలా కొద్దిగా కార్బన్ చేర్చడమే కార్బన్ డోపింగ్. ఈ పూతలు చేసేవారిని వేధించే సమస్యల్లో చాలావాటికి మూలం ఒకటే: పూతలో కార్బన్ ఉందని తేల్చుకుంటారు గాని, అది స్ఫటికంలో ఆక్సిజన్ స్థానంలో చేరిందా, రేణువుల మధ్య మసిగా మిగిలిందా అన్నది చూడరు. కింది సమస్యలను పరిశీలించేటప్పుడు ఈ ప్రశ్నను ముందు పెట్టుకోవాలి.

పూతకు గోధుమ రంగు వచ్చింది, కాని మామూలు వెలుతురులో పని చేయడం లేదు

అనటేజ్ అనే స్ఫటిక రూపంలోని టైటానియం డయాక్సైడ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కాంతి ఇవ్వవలసిన కనీస శక్తి) సుమారు 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి అది దాదాపు 387 నానోమీటర్ల లోపు కాంతినే, అంటే అతినీలలోహిత కిరణాలనే పీల్చుకుంటుంది. 2002లో ఖాన్ బృందం టైటానియం రేకును సహజ వాయువు మంటలో కాల్చి, బ్యాండ్ గ్యాప్ 2.32 ఎలక్ట్రాన్ వోల్టులకు తగ్గిందని సైన్స్ పత్రికలో ప్రకటించినప్పటి నుంచి కార్బన్‌పై ఆసక్తి బాగా పెరిగింది. వారి సామర్థ్యపు లెక్కపై తర్వాత అదే పత్రికలో అభ్యంతరాలూ వచ్చాయి.

సోల్-జెల్ పద్ధతిలో (ద్రావణాన్ని పూసి, జెల్‌గా మార్చి, ఆరబెట్టి కాల్చే పద్ధతిలో) వచ్చే గోధుమ రంగు చాలాసార్లు పూర్తిగా కాలని సేంద్రియ పదార్థానిదే అయి ఉంటుంది. అది వెలుతురును మింగుతుందే తప్ప చర్యకు పనికొచ్చే ఎలక్ట్రాన్లను ఇవ్వదు, పైగా ఉపరితలాన్ని కప్పేస్తుంది. నిర్ధారణకు ఎక్స్‌పీఎస్ (ఎక్స్-కిరణాలతో ఉపరితలంలోని మూలకాలను, వాటి బంధాలను గుర్తించే పరీక్ష) తీయాలి. దాని గ్రాఫులో కార్బన్ శిఖరం 281-282 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటే టైటానియం-కార్బన్ బంధం ఏర్పడినట్లు, 288-289 దగ్గర ఉంటే కార్బొనేట్ వంటి బంధాలు ఉన్నట్లు భావించవచ్చు. 285 దగ్గర కనబడే శిఖరం గాలి తగిలిన ఏ నమూనాపైనైనా ఉంటుంది గనుక దాన్ని డోపింగ్‌కు సాక్ష్యంగా చూపడం సరికాదు.

పరిష్కారం గాలిలో 400-450 డిగ్రీల వద్ద కాల్చడమే, అయితే ఎక్కువసేపు ఉంచితే మసితో పాటు స్ఫటికంలోని కార్బన్ కూడా కార్బన్ డయాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. అందుకే ఒకే నమూనాను నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కను అరగంట చొప్పున పెంచిన వ్యవధిలో కాల్చి చూడడం మేలు.

మిథిలీన్ బ్లూ రంగు త్వరగా పోతోంది, మరో పదార్థంతో మాత్రం ఫలితం లేదు

పూత పనితీరును పరీక్షించడానికి ద్రావణంగా వాడే ఈ నీలి రంగు స్వయంగా 664 నానోమీటర్ల దగ్గర దృశ్యకాంతిని పీల్చుకుని, తన ఎలక్ట్రాన్లను పూతకు అందించి తానే విచ్ఛిన్నమవగలదు. కొంత భాగం పూతకు అంటుకుపోయినా ద్రావణం పలచబడినట్లే కనబడుతుంది. కాబట్టి దీపం వేయడానికి ముందు శోషణ విలువ స్థిరపడేదాకా చీకటిలో ఉంచాలి; పూత లేని గాజుతోనూ, కార్బన్ లేని పూతతోనూ అదే ప్రయోగం జరపాలి. దృశ్యకాంతిలో పని చేస్తుందని చెప్పదలిస్తే 4-క్లోరోఫినాల్ వంటి రంగులేని పదార్థంతో పరీక్షించడం తప్పనిసరి అని నా అభిప్రాయం. దీపం ముందు 420 నానోమీటర్ల కటాఫ్ ఫిల్టర్ (అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యపు కాంతిని ఆపేది) కూడా ఉండాలి, ఎందుకంటే మామూలు ట్యూబ్‌లైటులోనూ పాదరసపు 365 నానోమీటర్ల కాంతి కొంత ఉంటుంది.

కిటికీ గాజుపై పూత చర్య మందగించింది

450 డిగ్రీల దగ్గర కాల్చినప్పుడు సోడా-లైమ్ గాజులోని సోడియం పూతలోకి పాకి చర్యను దెబ్బతీస్తుంది. ముందుగా సిలికా పొర వేయాలి, లేదా క్వార్ట్జ్ వాడాలి.

పూత పగులుతోంది, పెచ్చులూడుతోంది

సూక్ష్మదర్శినిలో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చి, పెచ్చుల అంచులు పైకి ముడుచుకుని ఉంటే పూతలో సాగదీసే ఒత్తిడి ఉన్నట్లు. సోల్-జెల్ పూత ఆరి కుంచించుకుపోయేటప్పుడు జరిగేది ఇదే. పగుళ్లు లేకుండా బొబ్బల్లా ఉబ్బితే నొక్కే ఒత్తిడి ఉన్నట్లు; స్పటరింగ్ (శూన్య గదిలో అయాన్ల తాకిడితో లోహపు పలక నుంచి అణువులను ఊడగొట్టి పూత వేసే పద్ధతి) పూతల్లో ఇది తరచుగా కనబడుతుంది. మొదటిదానికి ఒకేసారి మందంగా పోయకుండా పలుచని పొరలుగా వేసి, ప్రతి పొరనూ నెమ్మదిగా వేడి చేయాలి. రెండోదానికి స్పటరింగ్ గదిలోని వాయు పీడనాన్ని కొద్దిగా పెంచి అయాన్ల తాకిడి తగ్గించాలి, అయితే పీడనం మరీ పెరిగితే పూత గుల్లబారుతుంది. రెండింటిలోనూ గాజును శుభ్రం చేసిన తీరును ముందుగా అనుమానించాలి.

కాఠిన్యం విలువ అచ్చం గాజుదిలాగే వస్తోంది

300 నానోమీటర్ల పూతలోకి నానోఇండెంటర్ (సన్నని ముల్లును నొక్కి కాఠిన్యం కొలిచే పరికరం) ముల్లు 100 నానోమీటర్లు దిగితే కొలతలో గాజు ప్రభావం కలిసిపోతుంది. లోతు మందంలో పదో వంతు దాటకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. అంటే ఇక్కడ 30 నానోమీటర్లే, అంత తక్కువ లోతులో ముల్లు మొన మొద్దుబారడం, ఉపరితలపు గరుకుదనం కొలతను చెడగొడతాయి. కాబట్టి యాంత్రిక పరీక్షల కోసం అదే పద్ధతిలో సుమారు 1 మైక్రోమీటర్ మందపు పూతను విడిగా తయారు చేసి, స్థితిస్థాపక గుణకం 72 గిగాపాస్కల్స్ ఉండే ఫ్యూజ్డ్ సిలికాపై పరికరాన్ని సరిచూసుకోవాలి.

కాఠిన్యం నిజంగానే పెరిగినా, ఆ ఘనతను వెంటనే కార్బన్‌కు కట్టబెట్టరాదు. రంధ్రాలు తగ్గి పూత చిక్కబడినా, అనటేజ్‌లో కొంత రూటైల్ అనే మరో స్ఫటిక రూపంగా మారినా కాఠిన్యం పెరుగుతుంది. రంధ్రాలు తగ్గినప్పుడు చర్యకు అందే ఉపరితలం కూడా తగ్గుతుంది. అందువల్ల కార్బన్ లేని పూతను అదే మందంతో, అదే వేడిలో తయారు చేసి పక్కన పెట్టుకుని, ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణాన్ని చూసే పరీక్షలో) 25.3 డిగ్రీల కోణం దగ్గరి అనటేజ్ శిఖరాన్ని, 27.4 దగ్గరి రూటైల్ శిఖరాన్ని రెండు పూతల్లోనూ పోల్చి చూసిన తర్వాతే ముల్లు దింపాలి.