కారు అడుగున తుప్పు పట్టింది, ఇలా ఆపాను

కారు అడుగున రబ్బరు కోటింగ్ నల్లగా నిగనిగలాడుతుంటే అంతా బాగుందనే అనుకున్నాను. ఒకచోట ఉబ్బినట్టుంటే స్క్రూడ్రైవర్‌తో గీకాను. తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలింది! కోటింగ్ చిట్లిన చోట నీళ్లు దూరి, ఆరే దారిలేక ఇనుమును తినేశాయి.

జాకీనొక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టి కిందికి దూరాను. ఊడేదంతా వైర్ బ్రష్‌తో గీకి, కడిగి, రెండు రోజులు ఆరనిచ్చాను. మిగిలిన మరకలకు ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ద్రావణం), ఆపైన ఎపాక్సీ ప్రైమర్, పెయింట్.

ఛాసిస్ గొట్టాల లోపలికి బ్రష్ పోదు. తుప్పు ఎక్కువగా దాక్కునేదేమో అక్కడే. సన్నటి పైపుతో మైనం కలిసిన ఆయిల్ స్ప్రే చేశాను, నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూసుకుపోకుండా చూసుకున్నాను. సైలెన్సర్‌కు కవర్ చుట్టడం మరిచిపోయాను. దానిమీద పడ్డ ఆయిల్ కాలి, వారం రోజులు మాడు వాసన భరించాల్సి వచ్చింది.